మిఠాయి పరీక్షలో తప్పిందెవరు?

కొన్నాళ్ల క్రితం ఒక చిన్న పట్నంలోని జూనియర్ కళాశాలలో వ్యక్తిత్వ వికాస సదస్సు జరిగింది. సైన్సు రాసేవాడినని నన్నూ పిలిచారు. నాకంటే ముందు మాట్లాడిన వక్త ప్రతి విద్యార్థికీ ఒక చాక్లెట్ పంచిపెట్టించి, "నా ఉపన్యాసం అయ్యేదాకా తినకుండా దాచినవాళ్లకు ఇంకొకటి ఇస్తాను" అన్నారు. గంట గడిచాక, తినేసినవాళ్లను లేచి నిలబడమన్నారు. అయిదారుగురు లేచారు. "చూశారా! జీవితంలో ఎవరు పైకి వస్తారో, ఎవరు రారో ఇలాంటి పరీక్షతో నాలుగేళ్ల వయసులోనే చెప్పేయవచ్చని అమెరికా శాస్త్రజ్ఞులు రుజువు చేశారు" అన్నారు. హాలంతా నవ్వులు.

సదస్సు అయిపోయాక, నిలబడినవారిలో ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. "పొద్దున టిఫిన్ చేయలేదు సార్, ఆకలేసి తినేశాను. అయితే నా సంగతి ఇంతేనా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు కాని, అది నవ్వులాటకు అడిగిన ప్రశ్న కాదు.

మీలో చాలామంది ఈ మిఠాయి కథ వినే ఉంటారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో, పిల్లల పెంపకం గురించిన వ్యాసాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కథ నిజంగా జరిగిన ప్రయోగం మీద ఆధారపడినదే. అయితే ప్రయోగం చెప్పినదానికీ, దాని పేరుతో మనకు చెబుతున్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం పని.

అసలు ప్రయోగం

ప్రయోగకర్త పేరు వాల్టర్ మిషెల్. 1930లో వియన్నా నగరంలో పుట్టాడు. 1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించుకోవడంతో ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. 1960ల చివర, 1970ల మొదట్లో ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, అక్కడి ఆవరణలోనే ఉన్న బింగ్ నర్సరీ బడి పిల్లలతో ఈ ప్రయోగాలు చేశాడు.

పిల్లను ఒక గదిలో కూర్చోబెడతారు. ముందు బల్ల మీద ఒక తినుబండారం. "నేను బయటికి వెళ్లి వస్తాను. నేను తిరిగి వచ్చేదాకా ఆగితే నీకు ఎక్కువ ఇష్టమైనది ఇస్తాను. ఆగలేకపోతే గంట కొట్టు, వెంటనే వస్తాను. అప్పుడు తక్కువది మాత్రమే దొరుకుతుంది" అని చెప్పి వెళ్లిపోతారు. ఎక్కువలో ఎక్కువ పదిహేను నిమిషాలు ఆగాలి. మార్ష్‌మాలో అంటే పంచదార, జెలటిన్‌తో చేసే మెత్తని మిఠాయి. ప్రయోగానికి ఆ పేరే స్థిరపడింది కాని, 1970లో మిషెల్, ఎబ్బెసన్ కలిసి ప్రచురించిన ప్రయోగంలో వాడినవి బిస్కెట్లు, ప్రెట్‌జెల్ అనే కరకరలాడే తినుబండారం.

ఆ 1970 ప్రయోగంలో పాల్గొన్నది 32 మంది పిల్లలు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడం దాని ఉద్దేశం కానే కాదు. ఎలాంటి పరిస్థితిలో పిల్లలు ఎక్కువసేపు ఆగగలరు అన్నదే ప్రశ్న. ఫలితం స్పష్టంగా వచ్చింది. రెండు తినుబండారాలూ కళ్లెదుట ఉన్నప్పుడు పిల్లలు సగటున సుమారు ఒక నిమిషం మాత్రమే ఆగారు. రెండింటినీ కనబడకుండా చేసినప్పుడు పదకొండు నిమిషాలకు పైగా ఆగారు. ఒకే బడి, ఒకే ఈడు పిల్లలు. మారినదల్లా బల్ల మీద ఏముందన్నదే.

తర్వాతి ప్రయోగాల్లో ఇంకో సంగతి తెలిసింది. ఎదురుగా ఉన్న మార్ష్‌మాలోను తెల్లని మబ్బులా ఊహించుకోమని చెబితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. దాని తీపిని, మెత్తదనాన్ని తలచుకోమంటే త్వరగా గంట కొట్టారు. కొందరు పిల్లలు ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు, ఒకరిద్దరు నిద్రపోవడానికి ప్రయత్నించారు. మనస్తత్వ శాస్త్రానికి ఇది విలువైన ఫలితం. దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

జోస్యం ఎక్కడ మొదలైంది?

ఈ ప్రయోగాల్లో పాల్గొన్న పిల్లలు మొత్తం 653 మంది. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఎలా ఉన్నారో తెలుసుకోవాలని మిషెల్, యూయిచి షోడా, ఫిలిప్ పీక్ వారి తల్లిదండ్రులకు ప్రశ్నపత్రాలు పంపారు. 1990లో వచ్చిన వారి వ్యాసంలో 185 మంది వివరాలు ఉన్నాయి. వీరిలో శాట్ అనే కళాశాల ప్రవేశ పరీక్ష మార్కులు దొరికింది 94 మందికే.

ఈ 94 మందీ ఒకే రకం పరీక్ష రాసినవారు కాదు. కొందరికి మిఠాయి కనబడకుండా చేశారు, కొందరికి ఏం తలచుకోవాలో చెప్పారు. ఆగిన సమయానికీ మార్కులకూ గట్టి సంబంధం కనిపించింది ఒకే ఒక రకంలో: మిఠాయి కళ్లెదుటే ఉండి, ఏ ఉపాయమూ చెప్పకుండా వదిలేసిన పిల్లల్లో. శాట్ మార్కులు దొరికినవారిలో ఆ రకం పిల్లలు 35 మంది. మిగతా రకాల్లో అలాంటి సంబంధం కనిపించలేదు.

అంటే, ప్రపంచమంతా చెప్పుకునే జోస్యం వెనుక ఉన్నది 35 మంది పిల్లలు! వాళ్లలో గణితం మార్కులకూ ఆగిన సమయానికీ సహసంబంధ గుణకం 0.57 అని వచ్చింది. భాషకు సంబంధించిన మార్కులకు 0.42. సహసంబంధ గుణకం అంటే రెండు కొలతలు ఎంత మేరకు జతగా నడుస్తాయో చెప్పే అంకె. సంబంధమే లేకపోతే 0, పూర్తిగా జతగా పెరుగుతుంటే 1. 0.57ను దానితోనే హెచ్చిస్తే దాదాపు 0.32 వస్తుంది. మార్కుల్లోని తేడాలలో మూడోవంతు మాత్రమే ఆగే సమయంతో కలిసి నడిచిందని దీని అర్థం. మిగతా రెండు వంతులకు వేరే కారణాలు ఉన్నాయి. పైగా 35 మందితో వచ్చిన అంకెను నిక్కచ్చి విలువగా తీసుకోకూడదు. గణాంక శాస్త్రం ప్రకారం లెక్క వేస్తే అసలు విలువ సుమారు 0.29 నుంచి 0.76 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కళాశాలలో స్టాటిస్టిక్స్ చదివేవారు ఈ లెక్క స్వయంగా వేసి చూడవచ్చు.

ఈ బలహీనతను ముందుగా గుర్తించింది ఆ ముగ్గురు శాస్త్రజ్ఞులే. నమూనా చిన్నది కాబట్టి సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తూ ఉండవచ్చని 1990 వ్యాసంలోనే హెచ్చరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' పుస్తకం లక్షలాది పాఠకుల దగ్గరకు ఈ కథను చేర్చింది. కథ ప్రయాణం చేసింది, హెచ్చరిక మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంకొక సంగతి గమనించాలి. బింగ్ నర్సరీ బడిలో చదివినవారు ఎక్కువగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అధ్యాపకుల, విద్యార్థుల పిల్లలు. రేపటి తిండి గురించి దిగులు లేని ఇళ్లవాళ్లు. వాళ్లతో వచ్చిన ఫలితాన్ని ప్రపంచంలోని పిల్లలందరికీ వర్తింపజేయడం, ఒక ఊరి చెరువు లోతు కొలిచి సముద్రం లోతు చెప్పడం లాంటిది.

మాట మీద నమ్మకం

ఆగడం అనేది ఒక్క మనోబలానికి సంబంధించిన విషయమేనా? ఇస్తానన్న మనిషి నిజంగా ఇస్తాడా అన్న నమ్మకం సంగతేమిటి?

అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఈ ప్రశ్నను పరీక్షించి 2013లో ఫలితం ప్రచురించారు. 28 మంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. మిఠాయి పరీక్షకు ముందు వాళ్లకు బొమ్మలు వేసే పని ఇచ్చి, "కాసేపు ఆగండి, ఇంతకంటే మంచి రంగు పెన్సిళ్లు తెస్తాను" అన్నారు. ఒక జట్టుకు చెప్పినట్టే తెచ్చి ఇచ్చారు. రెండో జట్టుకు "అయ్యో, లేవు" అని ఉత్త చేతులతో వచ్చారు. స్టిక్కర్ల విషయంలోనూ అలాగే చేశారు. తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం ఆగింది 3 నిమిషాలే. మొదటి జట్టులో 14 మందిలో 9 మంది పూర్తిగా పదిహేను నిమిషాలు ఆగారు. రెండో జట్టులో అలా ఆగినది ఒక్కరే.

మాట తప్పిన మనిషి ముందు మిఠాయి తినేసిన పిల్లను నిగ్రహం లేనిదని అందామా, తెలివైనదని అందామా? ఇంట్లో, బడిలో, ఊళ్లో "రేపు ఇస్తాం" అన్నది ఏనాడూ రాని పరిస్థితిలో పెరిగిన పిల్లకు, చేతికి అందినదాన్ని తీసుకోవడం అనుభవం నేర్పిన పాఠం.

విచిత్రమేమిటంటే మిషెల్ ఈ దారిలోకి ఎప్పుడో తొంగిచూశాడు. స్టాన్‌ఫర్డ్‌కు రాకముందు ఆయన ట్రినిడాడ్ దీవిలో 7 నుంచి 9 ఏళ్ల మధ్య వయసున్న 53 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసి 1958లో ప్రచురించాడు. ఇప్పుడే చిన్న మిఠాయి కావాలా, వచ్చేవారం పెద్దది కావాలా అన్నది ప్రశ్న. పిల్లల్లో కొందరు ఆఫ్రికా సంతతివారు, కొందరు భారత సంతతివారు. 1845 నుంచి 1917 వరకు ఒప్పంద కూలీలుగా మన దేశం నుంచి ఆ దీవికి వెళ్లినవారి మనుమలు, మునిమనుమలు వీరు. భారత సంతతి పిల్లలు ఎక్కువమంది వచ్చేవారానికి ఆగుతామన్నారు. దీన్ని చూసి మనం పొంగిపోనవసరం లేదు. జాతుల మధ్య తేడాగా కనిపించినదాని వెనుక, తండ్రి ఇంట్లో ఉన్నాడా లేడా అనే కుటుంబ పరిస్థితి ఉందని మిషెల్ చూపించాడు.

మళ్లీ చేసి చూస్తే

ఒక ప్రయోగాన్ని వేరే చోట, వేరేవారు మళ్లీ చేసినా అదే ఫలితం రావాలి. ఇది విజ్ఞాన శాస్త్రానికి మూల సూత్రం. మనస్తత్వ శాస్త్రంలో ఈ పని చాలాకాలం అశ్రద్ధకు గురైంది. 2015లో పెద్ద శాస్త్రజ్ఞుల బృందం ఒకటి ఈ రంగంలోని 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, స్పష్టమైన ఫలితం తిరిగి వచ్చింది 36 శాతంలోనే.

మిఠాయి పరీక్ష వంతు 2018లో వచ్చింది. టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు, అమెరికాలో 1991లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం వివరాలను తీసుకున్నారు. నాలుగున్నర ఏళ్ల వయసులో మిఠాయి పరీక్ష రాసిన 918 మంది వివరాలు అందులో ఉన్నాయి. తల్లికి కళాశాల పట్టా లేని 552 మంది పిల్లల మీద వారు ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. మిఠాయి కోసం ఆగిన సమయానికీ, 15 ఏళ్ల వయసులో చదువుకూ సంబంధం ఉంది కాని, 1990లో చెప్పినదానిలో దాదాపు సగమే. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్ననాటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. 15 ఏళ్ల వయసులో నడవడికతో సంబంధం దాదాపు కనిపించలేదు.

నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోవడం అంటే ఏమిటి? ఎండాకాలంలో మామిడిపళ్ల అమ్మకాలు పెరుగుతాయి, వడదెబ్బలూ పెరుగుతాయి. మామిడిపండు తింటే వడదెబ్బ తగులుతుందని ఎవరూ అనరు. రెండింటి వెనుకా ఎండ ఉంది. అలాగే కలిగిన ఇంట్లో పుట్టిన పిల్ల మిఠాయి కోసం ఆగగలదు, మంచి మార్కులూ తెచ్చుకోగలదు. ఆగడం వల్లనే మార్కులు వచ్చాయని చెప్పాలంటే ముందు ఆ ఇంటిని పక్కన పెట్టి చూడాలి.

2020లో బింగ్ బడి పిల్లల మీదే ఇంకో వ్యాసం వెలువడింది. 2018లో చనిపోయిన మిషెల్ పేరు కూడా రచయితల్లో ఉంది. నడివయసుకు వచ్చిన 113 మంది ఆర్థిక స్థితి మొదలైనవాటిని పరిశీలిస్తే, చిన్నప్పటి మిఠాయి పరీక్ష ఒక్కటే వాటిని ముందుగా చెప్పలేకపోయింది. 2024లో జెస్సికా స్పెర్బర్, ఆమె సహచరులు 702 మందిని 26 ఏళ్ల వయసులో పరిశీలించి, ఈ పరీక్ష పెద్దయ్యాక జీవితాన్ని నమ్మదగినట్టుగా సూచించడం లేదని తేల్చారు.

పెంపకం, అలవాటు కూడా లెక్కలోకి వస్తాయి. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు ఎన్సో రైతు కుటుంబాల పిల్లల్లో సుమారు 70 శాతం చివరిదాకా ఆగితే, జర్మనీ మధ్యతరగతి పిల్లల్లో 28 శాతమే ఆగారు. 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలో జపాన్ పిల్లలు తిండి కోసం ఎక్కువసేపు ఆగారు, కాగితం చుట్టిన కానుకను విప్పడానికి అంతసేపు ఆగలేదు. అమెరికా పిల్లలు సరిగ్గా దీనికి తలకిందులు. అందరూ కూర్చున్నాకే తినడం జపాన్‌లో అలవాటు. కానుకను వెంటనే విప్పకుండా ఆగడం అమెరికాలో అలవాటు. నిగ్రహం కూడా అలవాటైన దారిలోనే సులువుగా నడుస్తుందన్నమాట.

విమర్శకుల మీదా విమర్శ

ఇంతవరకు చదివి, "అయితే మిఠాయి పరీక్ష అంతా బూటకం" అనుకుంటే అదీ పొరపాటే. 2018లో కొన్ని పత్రికలు అలాంటి శీర్షికలే పెట్టాయి.

కిడ్ ప్రయోగంలో ఉన్నది 28 మందే. 35 మందిని తక్కువన్న మనం 28 మందిని ఎక్కువ అనలేము. నమ్మకానికి పాత్ర ఉందని అది చూపిస్తుంది, అంతా నమ్మకమేనని కాదు. వాట్స్ అధ్యయనంలో పిల్లలు ఆగవలసింది ఏడు నిమిషాలే కాబట్టి, పది నిమిషాలు ఆగగలిగినవారికీ పదిహేను నిమిషాలు ఆగగలిగినవారికీ తేడా అందులో కనిపించదు. పైగా చిన్ననాటి తెలివితేటలను లెక్కలోంచి తీసివేస్తే, నిగ్రహంలో భాగమైన సామర్థ్యాన్ని కూడా తీసివేసినట్టు కావచ్చునని 2020లో కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అది ఆలోచించదగిన అభ్యంతరమే.

నిగ్రహానికి విలువ లేదని కూడా ఎవరూ రుజువు చేయలేదు. న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972, 73 సంవత్సరాల్లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను శాస్త్రజ్ఞులు గమనిస్తూ వచ్చారు. 3 నుంచి 11 ఏళ్ల మధ్య తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశీలకులు అనేకసార్లు ఇచ్చిన అంచనాలను కలిపి చూస్తే, నిగ్రహం ఎక్కువగా ఉన్న పిల్లలకు 32 ఏళ్ల వయసులో ఆరోగ్యం, ఆర్థిక స్థితి మెరుగ్గా ఉన్నాయని 2011లో ప్రకటించారు. అయితే అది ఏళ్ల తరబడి, ఎందరో చూసి వేసిన అంచనా. ఒక ఉదయం, ఒక గదిలో, ఒక మిఠాయితో తేల్చినది కాదు. పైగా పెరిగేకొద్దీ నిగ్రహం మెరుగుపడినవారికి ఫలితాలూ మెరుగుపడ్డాయని కూడా అందులో కనిపించింది.

మిషెల్ మాట, మన మాట

అన్నిటికంటే పెద్ద వింత ఒకటుంది. 1968లో మిషెల్ 'పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్' అనే పుస్తకం రాసి మనస్తత్వ శాస్త్రంలో దుమారం లేపాడు. ఒక పరిస్థితిలో మనిషి ఎలా నడుచుకున్నాడో చూసి, వేరే పరిస్థితిలో ఎలా నడుచుకుంటాడో చెప్పడం చాలా కష్టమని, అలాంటి సహసంబంధాలు సాధారణంగా 0.30ని మించవని అందులో వాదించాడు. మనిషి గుణం ఎంత ముఖ్యమో పరిస్థితీ అంతే ముఖ్యమని చెప్పడానికి జీవితకాలం కష్టపడ్డ మనిషి పేరుతో, "మీ గుణం నాలుగేళ్లకే నిర్ణయమైపోయింది" అనే కథ ప్రచారమైంది! ఆగడం నేర్చుకోగలిగిన విద్య అని 2014లో రాసిన తన పుస్తకంలోనూ ఆయన చెప్పాడు.

మనకు ఈ కథ ఇంత సులువుగా ఎందుకు నచ్చింది? "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత మన చెవుల్లో ముందునుంచే ఉంది. కొత్త ప్రయోగం పాత సామెతను బలపరుస్తుంటే ఎవరూ ప్రశ్నించరు. ఇందులో మా అనువాదకుల తప్పు కూడా ఉంది. శాస్త్రజ్ఞులు వాడిన 'డిలే ఆఫ్ గ్రాటిఫికేషన్' అన్న మాటకు 'తృప్తిని వాయిదా వేయడం' అంటే సరిపోతుంది. ఒకప్పుడు నేను కూడా దాన్ని 'ఆత్మనిగ్రహం' అని రాశాను. ఆ మాట రాయగానే పదిహేను నిమిషాల ప్రవర్తన కాస్తా రుషుల గుణమైపోయింది. ఆగలేని పిల్ల దోషి అయిపోయింది. "నిదానమే ప్రధానం" అన్న భాషలోనే "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు. ఏది ఎప్పుడు వర్తిస్తుందో పరిస్థితిని బట్టే తెలుస్తుంది.

ఇకమీదట ఎవరైనా వేదిక ఎక్కి "శాస్త్రజ్ఞులు రుజువు చేశారు" అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఎంతమంది మీద చేశారు? వాళ్లు ఎలాంటివాళ్లు? మళ్లీ ఎవరైనా చేసి చూశారా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని వక్తకు, చాక్లెట్ తిన్న విద్యార్థిని నిలబెట్టే హక్కు లేదు.

ఆనాడు ఆ అబ్బాయికి నేను వివరంగా జవాబు చెప్పలేకపోయాను. బస్సుకు వేళైంది. ఇప్పుడు చెబుతున్నాను. ఆకలేసినప్పుడు చేతిలో ఉన్నది తినడం నీ గుణం గురించి ఏమీ చెప్పదు. ఆగడం నీకు అవసరమైన చోట, పుస్తకం తెరిచినప్పుడు ఎదురుగా ఉన్న సెల్‌ఫోన్ తీసి పక్కగదిలో పెట్టు. 1970లో మిషెల్ కనిపెట్టినది అదే, దాన్ని ఇంతవరకు ఎవరూ కాదనలేదు.